రాయి పోయింది, మరి షుగర్ చూశారా?

ఎండలు ముదిరితే కిడ్నీ రాళ్ల నొప్పికి సీజన్ మొదలైనట్టే. జనగామ మెట్ట చేలల్లో, మహబూబాబాద్ మిర్చి తోటల్లో, భూపాలపల్లి సింగరేణి గనుల్లో చెమటోడ్చే మనిషి తాగే నీళ్లు తక్కువ, పోయే నీళ్లు ఎక్కువ. నడుం నుంచి గజ్జల్లోకి దిగే ఆ పోటుతో ఆస్పత్రికొస్తే స్కాన్ తీసి, రాయి ఎన్ని మిల్లీమీటర్లుందో చెప్పి, నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇస్తారు. ఆ మనిషికి షుగర్ ఉంటే దానికి వేరే చీటీ, వేరే గోళీలు. షుగర్ రోగికి కిడ్నీ అంటే గుర్తొచ్చేది క్రియాటినిన్ పరీక్షే. నా వాదన ఏమిటంటే, ఈ రెండు చీటీలూ చాలాసార్లు ఒకే జబ్బు గురించి రాసినవి.

2005లో హార్వర్డ్ పరిశోధకులు రెండు లక్షల మందికి పైగా నర్సులు, ఆరోగ్య రంగ ఉద్యోగుల వివరాలు పరిశీలించారు. షుగర్ ఉన్న స్త్రీలలో కొత్తగా రాళ్లు పడే అవకాశం పెద్ద వయసు వారిలో 29 శాతం, చిన్న వయసు వారిలో 60 శాతం ఎక్కువగా కనిపించింది. నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసింది దీనికి తిరగేసిన లెక్క. ముందు రాళ్లు పడ్డవారికి తర్వాత షుగర్ వచ్చే అవకాశం స్త్రీ పురుషులిద్దరిలోనూ మూడో వంతు నుంచి సగం దాకా పెరిగింది. అంటే ఒకటి రెండోదాన్ని తెచ్చిపెడుతోందనడం కన్నా, రెండింటికీ వేరు ఒకటే అనడం సబబు. ఆ వేరు పేరు ఇన్సులిన్ నిరోధకత. ఇన్సులిన్ మాట కిడ్నీ వినకపోతే అక్కడ అమ్మోనియా తయారీ తగ్గి, మూత్రం పుల్లబడుతుంది. పులుపు పెరిగే కొద్దీ తగ్గే మూత్రం పీహెచ్ 5.5 కన్నా దిగితే యూరిక్ ఆమ్లం కరిగి ఉండలేక గట్టిపడుతుంది. 2006లో ఫ్రాన్స్‌లో 2,464 మంది రాళ్లను పరీక్షించినప్పుడు షుగర్ ఉన్నవారిలో 35.7 శాతం మందివి యూరిక్ ఆమ్లం రాళ్లు. షుగర్ లేనివారిలో అవి 11.3 శాతమే.

మన దగ్గర రాళ్లకు కారణం ఎండ, బోరు నీళ్లు గానీ షుగర్ కాదనేవాళ్లున్నారు. ఎండ మాట నిజమే. మూత్రం చిక్కబడితే ఏ రాయైనా పడుతుంది. కానీ ఎండ ఊరందరికీ ఒకటే, రాయి మాత్రం అందరికీ పడదు. చిక్కటి మూత్రానికి పులుపు తోడైన ఒంట్లో ముప్పు ఇంకా ఎక్కువ. బోరు నీళ్ల మీద పడుతున్న నిందకు గట్టి రుజువు లేదు, టమాట గింజల మీది నిందకు అసలే లేదు. ఇంకొక అభ్యంతరం బరువైనది. హార్వర్డ్ లెక్కల్లో షుగర్ ఉన్న పురుషులకు కొత్త రాళ్ల ముప్పు పెరిగినట్టు తేలలేదు. దాన్ని దాచనక్కర్లేదు. స్థూలకాయమే రెండింటికీ మూలం కావచ్చునన్న అనుమానమూ ఉంది. అయితే ఆ అధ్యయనంలో బరువును, తిండిని లెక్కలోకి తీసుకున్నాకే ఆ అంకెలు వచ్చాయి. షుగర్ పట్నం జబ్బేనన్న మాట కూడా పాతబడింది. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో పెద్దవాళ్లలో 8.9 శాతం మందికి షుగర్ ఉంది.

ఈ బంధం తెలిస్తే వైద్యం మారుతుంది, అందుకే ఇది పుస్తకాల చర్చ కాదు. కిడ్నీలో పడే రాళ్లలో మందుతో బాగా కరిగేది యూరిక్ ఆమ్లం రాయే. పొటాషియం సిట్రేట్‌తో మూత్రం పులుపు విరిస్తే కొందరికి కత్తి అవసరమే రాదు. ఆ రాయి మామూలు ఎక్స్‌రేలో కనబడదు కూడా. కొండపిండి ఆకు కషాయం, ఉలవచారు, బార్లీ నీళ్లు తాగితే ఒంట్లోకి నీళ్లయినా పోతాయి. బీరుతో రాయి కొట్టుకుపోతుందనే సలహా మాత్రం షుగర్ రోగికి చేటు, బీరు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది. నొప్పి లేచినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫెనాక్ అప్పటికే షుగర్ దెబ్బ తిన్న కిడ్నీని ఇంకా కుంగదీస్తుంది. రాయి అడ్డుపడి, చలిజ్వరం వస్తే షుగర్ రోగికి ప్రాణాపాయమే. నీళ్లు దండిగా తాగమనే సలహా కూడా అందరికీ కుదరదు. గుండె, కిడ్నీ బలహీనపడ్డవాళ్లు డాక్టరునడిగే తాగాలి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 వరకు ఉమ్మడి వరంగల్ జిల్లాలోనివి. ఇప్పుడు మూడింటికీ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. రాయితో వచ్చినవారికి షుగర్ పరీక్ష, షుగర్‌తో వచ్చి రాళ్ల చరిత్ర చెప్పినవారికి మూత్రం పీహెచ్ పరీక్ష చేయడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. పీహెచ్ చూడటానికి మూత్రంలో ముంచే చిన్న కాగితపు పట్టీ చాలు. ఆపరేషన్‌లో తీసిన రాయి సంగతీ అంతే. చిన్న సీసాలో వేసి చేతికిస్తే ఇంటికి తెచ్చి చుట్టాలకు చూపించి అటక మీద పెడతారు. అది వెళ్లాల్సింది ల్యాబుకు.