కోనసీమ నడక - 6: యానాం చూసొచ్చాం



యానాం వెళ్లామంటే వినేవాళ్లు ముందు ఓ నవ్వు నవ్వుతారు, మందు కోసమేగా అని. మొన్న ఆదివారం హాస్టల్ పిల్లలు పదకొండు మందితో నేను వెళ్లింది పాత ఊరు చూడ్డానికి.

అమలాపురంలో బస్సెక్కితే ముమ్మిడివరం దాటాక ఎదుర్లంక. అక్కడ గౌతమి మీద బాలయోగి వారధి. ఎదుర్లంకలో పుట్టిన దళిత బిడ్డ జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. పిల్లల్లో నలుగురికి ఆ సంగతే తెలీదు. బస్సు దింపి వారధి మీద నడిపించాను.

యానాంలో అందరూ చూసేవే చూశాం. గోదారి ఒడ్డు, విగ్రహాలు, ఫ్రెంచి కాలం నాటి చర్చి, ఐఫిల్ టవర్‌ని పోలిన టవర్. సెల్ఫీలు అయ్యాయి. చూడొద్దని అనను. దొరల పాలనంటే అదేదో తీపి జ్ఞాపకం అన్నట్టు చెప్తారు చూడండి, అది నాకు పడదు.

చెప్పనిదేంటంటే, 1820ల చివర్లోనే ఇక్కణ్ణించి తెలుగు కూలీల్ని రీయూనియన్ దీవికి ఓడల్లో తీసుకుపోయారు. 1848లో ఫ్రాన్స్ తన వలసల్లో బానిసత్వం రద్దు చేసింది. నల్లవాళ్లు చెరుకు తోటలు వదిలిపోతుంటే వాళ్ల బదులు మనుషులు కావాలి. ఒప్పంద కూలీల పేరుతో ఇండియా నుంచి కరీబియన్‌కి తోలారు. ఒరేలీ అనే ఓడ 1853లో మార్టినిక్, 1854లో గ్వాడెలూప్ చేరింది. ఒక్క గ్వాడెలూప్‌కే సుమారు 42 వేల మంది. ఎక్కువ తమిళులు, తెలుగువాళ్లూ ఉన్నారు. అందరూ మనవాళ్లేనని అనను. కానీ ఐదెకరాల కొబ్బరితోట ఉన్నవాడు ఓడెక్కడు కదా! పక్కనే కోరంగి రేవు. మారిషస్‌లో, బర్మాలో తెలుగు కూలీని ఆ రేవు పేరుతోనే పిలిచారు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఎవడిక్కావాలి?

కులం ఉన్నవాళ్లూ యానాం వచ్చారు, వేరే పని మీద. 1930లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమల్లోకొచ్చాక పసిపిల్లల పెళ్లిళ్లు చేసుకోడానికి ఇక్కడికొచ్చేవారు. ఫ్రెంచి గడ్డ మీద ఆ చట్టం చెల్లదు కాబట్టి. ఈ కథ మాత్రం సరదాగా చెప్పుకుంటారు.

ఫ్రెంచి పాలనలోనే 1881లో ఒక డిక్రీ వచ్చింది. తన కులాచార చట్టాన్ని వదులుకున్నానని రాసిచ్చినవాడు ఫ్రెంచి పౌర చట్టం కిందికొస్తాడు, కొత్త ఇంటిపేరు పెట్టుకుంటాడు. పుదుచ్చేరి, కారైకాల్ వైపు అలా రాసిచ్చినవాళ్లలో అణగారిన కులాలవాళ్లు, క్రైస్తవులే ఎక్కువ. దొర దయగలవాడని కాదు. దొరికిన సందులోంచి మనోళ్లు బయటపడ్డారు, అంతే.

తిరుగు బస్సులో ఒక చెల్లి అడిగింది: "అన్నా, ఫ్రెంచోళ్ల గుర్తులకి ఎవరూ గొడవ చేయరు. బాబాసాహెబ్ పేరుకే ఎందుకు చేశారు?" 2022 మే 24న జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతారంటే అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అప్పటికి ఆ పిల్ల హైస్కూల్లో ఉంది, పొగ చూసింది. దొర ఎప్పుడో పోయాడు కాబట్టి గుర్తులుగా మిగిలినా ఎవడికీ నొప్పి లేదు. మనం ఇక్కడే ఉన్నాం, అదీ వాళ్ల బాధ.

యానాం గోదారి ఒడ్డున ఓడెక్కినవాళ్ల కోసం ఒక్క బోర్డు పెట్టమని అర్జీ రాస్తున్నాం. సంతకాలు కావాలి. ఇంకో పని కూడా ఉంది. రంగం వెళ్లి తిరిగిరాని ముత్తాతలు మీ పేటలో ఎవరున్నారో మామ్మనో తాతనో అడిగి, పేరూ ఊరూ రాసి నాకు పంపండి. వచ్చే వారం కోరంగి వెళ్తున్నాం.