వంటయింటి ముచ్చటలు: రొట్టెపొడి పులుసు

పులుసు పలుచనైనచో బియ్యపుపిండినో, సెనగపిండినో కలిపి కాచుట మన యందఱికిని తెలిసినదే. మిగిలిన రొట్టెయు నా పని చేయునని మేము నిరుటివఱకు నెఱుగము.

1922లో పూర్తియైన పోచారము ఆనకట్ట క్రింద వరి పండుచున్నను, మా యింట రాత్రికి జొన్నరొట్టెయే. నిరుడు మా యత్తగారికి పక్షవాతము తగిలినది. మెత్తని ముద్ద దిగెడిది గాని, పలుచని చారు గ్రుక్కెడు పోసినంతనే పొలమారి కన్నుల నీరు క్రమ్మెడిది. పలుచని ద్రవము వడిగా జారి ఊపిరిగొట్టములోనికి పోవుచున్నదని వైద్యులు చెప్పి, చిక్కజేసి యిమ్మనిరి; ఎంత చిక్కన యుండవలెనో చెంచాతో నెత్తి చూపిరి.

మేము తొందరపాటున మరుగుచున్న పులుసులో పచ్చి జొన్నపిండి చల్లితిమి. వేడి తగిలినంతనే పైపొర జిగురై లోనికి నీరు పోనీయదు గనుక ఉండలు కట్టినది. అందొకటి ఆమె గొంతున నడ్డుపడగా మా పైప్రాణములు పైననే పోయినవి.

మఱునాడు పొరుగింటి పెద్దమ్మ వచ్చి, "ఎండిన రొట్టె దంచి పొయ్యరాదు, బిడ్డా!" అన్నది. బతుకమ్మ పండుగకు రొట్టె నలిపి బెల్లముతో మలీద ముద్దలు చేయు మనకు ఈ యూహ తట్టకపోవుట చిత్రమే! ఐరోపాలో పూర్వము రొట్టెతోనే పులుసులు చిక్కబఱచెడివారట; ఇంగ్లండువారు నేటికిని పాలలో రొట్టె యుడికించి కోడిమాంసముతో వడ్డింతురు. రొట్టెపిండిని మరుగునీట పిసికి పెనముమీద కాల్చుదుము గదా. పచ్చిపిండివలె నది యుండకట్టదు.

బాగుగా నెండిన రొట్టెను దంచి, జల్లించి, చన్నీట నానబెట్టి, పలుచని గుడ్డతో వడియగట్టి పులుసులో కలిపి కలియబెట్టుచు కాచితిమి. పలుకు మిగులరాదు; రోగికి వడియగట్టుటయే ముఖ్యము. చల్లారినకొలది మఱింత చిక్కబడును గనుక, గోరువెచ్చనైన పిదపనే చెంచాతో చూడవలెను.

ఇంకొక మాట. ఎంగిలి చెంచా గిన్నెలో ముంచినచో పులుసు మఱల పలుచబడును. లాలాజలమునకు పిండిని విఱిచివేయు గుణమున్నది. వెనుక ఎంగిలి విషయమున అత్తగారు గద్దించినపుడెల్ల మేము మూతి ముడిచినవారమే.

మా వారు బడినుండి వచ్చి గుమ్మములోనే నిలిచిపోయిరి. గిన్నెడు పులుసు, చెంచా వెంట చెంచా, ఒక్క దగ్గైనను లేకుండ దిగినది. ఆమె నాలుక యింకను తడబడుచుండెను. అయినను "ఉప్పు చాలలేదు" అన్నమాట స్పష్టముగానే వినవచ్చినది.