నల్లబెల్లమూ – మతిమరుపూ

అనకాపల్లి అనగానే బెల్లం గుర్తుకు రాని తెలుగువాడుండడు. ఇప్పుడు నల్లబెల్లం తింటే మతిమరుపు రాదనేవాళ్లు కూడా ఉన్నారు. ఇందులో నిజమెంత?

మెదడు మన శరీరపు బరువులో 2 శాతమే. కాని మనం వాడే ప్రాణవాయువులో సుమారు 20 శాతం దానికే కావాలి. ఆ వాడకంలో పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు అదుపు తప్పితే కణాల కొవ్వుపొరల్ని దెబ్బతీస్తాయి. ఇదే ఆక్సీకరణ ఒత్తిడి. మొక్కల్లోని ఫ్లేవనాయిడ్లు కణం తన సొంత రక్షక ఎంజైములను పెంచుకునేలా చేస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. చెరకురసంలో ఎపిజెనిన్, ల్యూటియోలిన్, ట్రైసిన్ జాతి ఫ్లేవనాయిడ్లున్న మాటా నిజమే.

అయితే గాజుపాత్రలో కణం వేరు, మనిషి మెదడు వేరు. తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది కొద్ది. పేగులూ, కాలేయమూ దాన్ని మార్చేశాక మెదడుకు అందేది మరీ కొద్ది. పైగా బెల్లంలో అధికభాగం చక్కెరే. మధుమేహం మతిమరుపు ముప్పును పెంచుతుంది. ఫ్లేవనాయిడ్లే కావాలంటే ఉల్లిపాయా, మునగాకూ లేవూ?

మతి తప్పిన తండ్రిని సాకుతున్న ఇంటికి బెల్లం దిమ్మతో ఆశ అమ్మడం తప్పు, అది మన ఊరి సరుకైనా సరే.

మిత్రులారా! 1913 నుంచి చెరకు పరిశోధన జరుగుతున్న ఊరు మనది. హైడ్రోసు వేసిన పసుపుపచ్చ బెల్లాన్నీ, వెయ్యని నల్లబెల్లాన్నీ మన కెమిస్ట్రీ లాబులో పక్కపక్కన పెట్టి ఫ్లేవనాయిడ్లు ఏపాటివో కొలుద్దాం. ఆ లెక్క ఎలా వచ్చినా సరే, వచ్చే ఏడాది సంచికలో అచ్చువేద్దాం.