చాచిన చేతులు

రోములో సలారియా దారి పక్కన, నేల అడుగున ప్రిస్కిల్లా సమాధి సొరంగాలున్నాయి. మెత్తని రాతిని తొలిచిన ఆ ఇరుకు దారుల పొడవు 13 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడొక చిన్న గది గోడ మీద మూడో శతాబ్దపు స్త్రీ ఒకామె నిలబడి ఉంది. తల మీద ముసుగు, పైకెత్తిన పెద్ద కళ్లు. రెండు చేతులూ పక్కలకు చాచి, అరచేతులు తెరిచి ప్రార్థిస్తోంది. పేరు తెలియదు. ఆ గదిలో నిద్రించిన మనిషే ఆమె అని చాలామంది పండితుల భావన.

ప్రార్థన అంటే మనకు జోడించిన చేతులు, వంచిన మోకాళ్లు గుర్తొస్తాయి. ఐరోపా క్రైస్తవుల్లో చేతులు జోడించడం మధ్యయుగాల్లో స్థిరపడిన అలవాటు. తొలినాటివారు ఎక్కువగా నిలబడే ప్రార్థించేవారు. 325లో నైసియా మహాసభ ఆదివారాల్లో మోకరించవద్దని నియమమే పెట్టింది.

చేతులు చాచి నిలబడే ఆ భంగిమ యూదులు ఎరిగినదే. రోము నాణేల మీద భక్తికి ప్రతీకగా నిలిచిన స్త్రీ చేతులూ ఇలాగే లేచి ఉంటాయి. అర్థం మాత్రం కొత్తది. తాము చేతులు ఎత్తడమే కాదు, ప్రభువు శ్రమలను తలచుకుని వాటిని చాపుతామని 200 ప్రాంతంలో కార్తేజ్‌వాసి, క్రైస్తవ రచయిత టెర్టూలియన్ రాశాడు. మరీ పైకి కాకుండా అణకువగా ఎత్తాలనీ చెప్పాడు. రోములోని శాంటా సబీనా గుడి చెక్క తలుపు మీద 430 ప్రాంతంలో చెక్కిన సిలువ దృశ్యం చూస్తే ఆ మాట బోధపడుతుంది. అందులో క్రీస్తు వేలాడడు. మోచేతులు కాస్త వంచి, ప్రార్థిస్తున్నవాడిలా నిలబడి ఉంటాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది మరొకటి. ముసుగు స్త్రీ ఉన్న గదిలోనే షద్రకు, మేషాకు, అబేద్నెగోలు అగ్నిగుండంలో నిలిచి ఉన్నారు. ఆ సొరంగాల్లోనే వేరే గోడల మీద పెట్టెలాంటి ఓడలో నోవహు, సింహాల నడుమ దానియేలు. అందరివీ అవే చేతులు. మంట ఆరలేదు, సింహాలు కదల్లేదు. అయినా ఆ చేతుల్లో వణుకు లేదు. ఆపద గడిచాక చెప్పే కృతజ్ఞతలా కాదు, ఆపద నడుమనే కుదిరిన నెమ్మదిలా కనిపిస్తాయి. అయినవారిని పూడ్చిపెట్టి దీపం పట్టుకుని వచ్చినవాళ్లు ఆ చీకట్లో చూసినవి ఈ చేతులనే.

వచ్చే ఆదివారం దివ్యపూజలో గురువు చేతులు చాపినప్పుడు, ఒక్క క్షణం ఆ అరచేతుల వైపు చూడండి.