చక్రమునకు దగిన టైరు

అలంకారేచ్ఛ మానవునకు సహజము. ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి, మెడలకు గంటలు గట్టి సంతసించిన రైతుల సంతతివారము మనము. కావున నేటి యువకుడు తన కారును సింగారింపగోరుట నేరమని నేను జెప్పను. అయితే బండిని సింగారించుట యొకటి, బండి భారమును మోయు భాగమును మార్చుట మరియొకటి. ఈ భేదమును మరచిన యొక యలవాటును గూర్చి విద్యార్థులకును, వారి తలిదండ్రులకును నాలుగు మాటలు విన్నవింప దలచితిని.

కారును నిర్మించినవా రమర్చిన చక్రములను దీసివైచి, వానికంటె మిక్కిలి వెడల్పైన అల్లాయ్ చక్రములను దెచ్చి, వానిపై ఇరుకైన టైరులను బలవంతముగా సాగదీసి యెక్కించుటయే ఆ యలవాటు. జపాను దేశమున దీనిని ‘హిప్పారి’ యందురు. లాగుట యని దాని భావము. జర్మనీలోని కారు ప్రియులలోను ఇది వ్యాపించినది. నేడు చేతిలోని ఫోను మూలమున తాండూరు, కరణ్‌కోట ప్రాంతముల బాలురు సయితము ఈ చిత్రములను జూచి ముచ్చటపడుచున్నారు. మన విద్యార్థులకు కార్లు లేవు గదా యని కొందరనవచ్చును. కాని వారికి అన్నలు గలరు, మేనమామలు గలరు; నేటి విద్యార్థియే రేపటి చోదకుడు.

టైరు ప్రక్కన ముద్రింపబడిన అంకెలను చదువ నేర్చినవారికి ఇందలి దోషము సులభముగా దెలియును. ఉదాహరణమునకు 205/55 R16 91V అను గుర్తును దీసికొందము. 205 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అనగా దాని ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 55 వంతులని యర్థము. 16 రిమ్ము వ్యాసము, అంగుళములలో. 91 అను సంఖ్య, తగిన గాలి యున్నప్పుడు ఒక్కొక్క టైరు 615 కిలోల బరువు మోయగలదని తెలుపును. V యను అక్షరము గంటకు 240 కిలోమీటర్ల వేగపరిమితిని సూచించును. ఈ కొలత గల టైరు అయిదున్నర మొదలు ఏడున్నర అంగుళముల వెడల్పు గల రిమ్ములకు మాత్రమే తగును. విలాసార్థులు దీనిని తొమ్మిదంగుళముల రిమ్ముపై నెక్కింతురు. తొమ్మిదంగుళములు ఇంచుమించు 229 మిల్లీమీటర్లు. అనగా టైరుకంటె రిమ్మే వెడల్పైనది! తలకంటె చిన్నదైన కుల్లాయిని చెవులవరకు లాగినట్లున్నది.

ఇందువలన గలుగు హాని యెట్టిదో విచారింతము. టైరు లోపలి యంచులలో ఉక్కు తీగలుండును. లోని గాలి ఆ యంచులను రిమ్మునకు గట్టిగా నదిమి పట్టును. టైరు సరియైన కొలతదైనపుడు అంచు తన పీఠముపై సమముగా గూర్చుండును. ప్రక్కగోడ కొంచెము వెలికుబికి, గుంతల తాకిడిని తాను భరించి రిమ్మును గాపాడును. సాగదీసిన టైరులో ఆ ప్రక్కగోడ వాలిపోవును; అంచు సరిగా గూర్చుండదు; రిమ్ము కొన రబ్బరును దాటి బయటికి వచ్చును. గుంతలో బడినచో దెబ్బ నేరుగా లోహమునకే తగులును. గాలి కొంచెము తగ్గియుండగా వేగముగా మలుపు దిరిగినచో అంచు రిమ్మునుండి జారి, ఉన్న గాలి యంతయు ఒక్కమారే పోవచ్చును. ఇంతేకాదు, ఇట్టి టైరు మామూలు పద్ధతిని రిమ్మున కంటుకొనదు గనుక, కొందరు మండు ద్రవమును లోపల జిమ్మి నిప్పంటించి దానిని కూర్చుండబెట్టుచున్నారు. ఇది ప్రాణములతో నాడు పని.

పూర్వము మన వడ్రంగులును, కమ్మరులును చక్రములకు ఇనుప పట్టాను సాగదీసియే తొడుగలేదా యని కొందరడుగవచ్చును. తొడిగిరి. పట్టాను చక్రపు చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా జేసి, మంటలో గాల్చి, అది వ్యాకోచింపగా చక్రమునకు దొడిగి నీళ్లు పోసెడివారు. చల్లారిన ఇనుము ముడుచుకొని ఆకులను, కుండను బిగియబట్టెడిది. అచ్చట సాగదీయుట చక్రమునకు బలమిచ్చెను. తగ్గింపవలసిన కొలతయు కమ్మరికి దెలియును. ఇచ్చట సాగదీయుట టైరు బలమును హరించుచున్నది. కొలత యేమో కంటికింపును బట్టి నిర్ణయింపబడుచున్నది. సాగిన టైరు తక్కువగా వంగును గనుక స్టీరింగు త్రిప్పగానే కారు చురుకుగా దిరుగునని మరికొందరందురు. అందు కొంత నిజము లేకపోలేదు. ఆ గుణము కావలసినవారు అనుమతింపబడిన వెడల్పులలో గరిష్ఠమైనదానిని గైకొందురుగాక. ఆ హద్దు దాటుటకు అది కారణము గాజాలదు.

చట్టమును దీని నొప్పదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ విభాగమున, నిర్మాత నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చుటను నిషేధించినది. కేరళమునుండి వచ్చిన యొక వ్యాజ్యములో 2019 జనవరియందు సుప్రీముకోర్టు ఈ నియమమునే దృఢపరచినది. అనుమతి లేని మార్పునకు ఆరు నెలలవరకు కారాగారము గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని 2019 నాటి సవరణ చట్టము చెప్పుచున్నది.

జరిమానా భయముకంటె గొప్పది పొరుగువాని ప్రాణము. మన త్రోవలు ఎట్టివో మనకు దెలియును. నాపరాయి లారీలు, సిమెంటు లారీలు, ట్రాక్టర్లు, బడి పిల్లల సైకిళ్లు, గొఱ్ఱెల మందలు అన్నియు ఒకే దారిని నడచును. 2025 నవంబరు 3వ తేదీన తాండూరునుండి హైదరాబాదు పోవుచున్న ఆర్టీసీ బస్సు చేవెళ్ల చెంత కంకర లారీతో ఢీకొనగా అనేకులు ప్రాణములు బాసిరి. ఆ సంగతికిని సాగదీసిన టైరులకును సంబంధము లేదు. అయినను, ఈ బాటలపై ఒక్క వాహనము అదుపు దప్పిన నెన్ని యిండ్లలో దీపములారునో అది మనకు నేర్పినది. “కారు నాది, ప్రాణము నాది” యనువాడు బాట మాత్రము తనది గాదని యెఱుగవలెను.

మన జిల్లాకు పొరుగున సదాశివపేటవద్ద గొప్ప టైరుల కర్మాగార మున్నది. రబ్బరును, ఉక్కు తీగలను మిల్లీమీటరు తప్పకుండ గూర్చి టైరులను జేయు ఆ పనివారి శ్రమను ఒక నిమిషపు వేడుకకై వ్యర్థపుచ్చుట న్యాయమా? మన భౌతికశాస్త్రపు తరగతిలో ఒక దినము పాత టైరు నొకదానిని దెచ్చి, దానిపై అంకెలను బాలురచే చదివించుట మంచిదని నా యభిప్రాయము. ఒత్తిడి, బలము, ఘర్షణ మనునవి అప్పుడు పుస్తకములోని మాటలుగా నుండక చేతికి దగులును.

పాత తిత్తులలో క్రొత్త ద్రాక్షారసము పోయరాదని ప్రభువు సెలవిచ్చిన యుపమానమును మన బాలు రందఱు ఎఱుగుదురు. ఓర్వగలిగినంతకు మించి సాగదీయబడిన తిత్తి పిగులును, టైరును అంతియే. కాన ప్రియ విద్యార్థులారా, మీరు వాహనము గొన్న దినమున దాని నందముగా నుంచుకొనుడు, శుభ్రముగా దుడుచుకొనుడు. చక్రమునకు మాత్రము దానికి దగిన టైరునే తొడుగుడు.