"వెళ్తాను" అంటే రోజూనా, రేపా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

"తెలుగులో ఫ్యూచర్ టెన్స్ లేదు కదా!" ఈమధ్య మన పిల్లల నోట ఈ మాట వింటున్నాను. ఫోన్లో స్పానిష్ నేర్చుకుంటున్నవాళ్లు ఇంకా గట్టిగా అంటున్నారు. బడిలో నేర్చుకునే ఒడియాలో "ము జాఏ" అంటే రోజూ వెళ్లే సంగతి, "ము జిబి" అంటే ఇకమీదట వెళ్లే సంగతి. మనకి రెండింటికీ "వెళ్తాను" ఒక్కటే. దాంతో ఇంటి భాషలో ఏదో తక్కువైందని వాళ్ల అనుమానం. ఏమీ తక్కువ కాలేదు.

ముందు స్పానిష్ సంగతే చూద్దాం. "అబ్లార్" అంటే మాట్లాడడం. ఆ మాటను అలాగే ఉంచి చివర ప్రత్యయం తగిలిస్తే భవిష్యత్తు అయిపోతుంది. అబ్లారే అంటే మాట్లాడతాను, అబ్లారాస్ అంటే మాట్లాడతావు, అబ్లారా అంటే మాట్లాడతాడు, అబ్లారేమోస్ అంటే మాట్లాడతాం. క్రియ ఏదైనా ప్రత్యయాలు ఇవే. కొన్ని క్రియల్లో మాత్రం మొదలు కాస్త మారుతుంది: "తెనేర్" తెన్‌ద్రే అవుతుంది, "అసేర్" ఆరే అవుతుంది.

అంత చక్కటి ప్రత్యయాలు ఎక్కడివి? లాటిన్ కాలంలో "మాట్లాడాల్సి ఉంది" అన్నట్టు రెండు మాటలు పక్కపక్కన పెట్టి చెప్పేవారు. ఆ రెండో మాట అరిగి, మొదటిదానికి అతుక్కుపోయి ప్రత్యయమైంది. ఇన్ని ఉన్నా వాళ్లు రోజువారీ మాటల్లో ఎక్కువగా "బోయ్ ఆ అబ్లార్" అంటారు. అంటే "వెళ్తున్నాను మాట్లాడడానికి" అన్నట్టు. ఖాయమైన పనైతే "రేపు వస్తున్నాను" అని వర్తమానంలోనే చెప్పేస్తారు. మనమూ అంతే కదా, "ఎల్లుండి విశాఖ వెళ్తున్నాం" అనమూ?

ఇంకో పోలిక చూడండి. టైము సరిగ్గా తెలియక "ఎనిమిదై ఉంటుంది" అంటాం. ఒడియావాళ్లు "ఆఠొటా హొఇథిబొ" అంటారు. స్పానిష్‌వాళ్లు "సెరాన్ లాస్ ఓచో" అంటారు. మూడు చోట్లా భవిష్యత్తు రూపమే, మూడు చోట్లా అర్థం ఊహే. మరి మనదెలా తక్కువ?

మన వ్యాకరణాలు ఏ కాలానికీ కట్టుబడని రూపానికి తద్ధర్మం అని పేరే పెట్టాయి. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అన్నది అదే. ద్రావిడ భాషల మూలంలో జరిగినది, జరగనిది అనే రెండు కాలాలే ఉండేవని భద్రిరాజు కృష్ణమూర్తిగారు చెప్పారు. మన చుట్టూ కొండల్లో వినిపించే కువి కూడా తెలుగుకు దగ్గరి చుట్టమే. కాబట్టి ఇది లోపం కాదు, మన ఇంటి పద్ధతి. "రోజూ", "రేపు" అనే మాటలే మనకి తేడా చెప్తాయి.

అసలు సంగతి ఇక్కడే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే. అప్పటి నుంచి కొరాపుట్ ఒడిశా జిల్లా. 1992 అక్టోబరు 2న రాయగడ దాని నుంచి విడిపోయింది. ఇప్పుడు మన పిల్లల్లో చాలామందికి తెలుగు వచ్చేది ఇంట్లోనే. అన్నం దగ్గర, ఫోన్లో అమ్మమ్మతో, పెళ్లిళ్లలో. ఆ మాటలు ఆగితే "వెళ్తాను"కి పక్కన "రేపు" పెట్టాలని చెప్పేవాళ్లే ఉండరు. వ్యాకరణ పుస్తకం తెచ్చిచ్చినా అది చదవడానికి ముందు అక్షరాలు రావాలి.

సభల్లో "పిల్లలకు తెలుగు నేర్పుతాం" అని వింటూనే ఉన్నాం. తెలుగులో ఆ మాటకు రెండర్థాలున్నాయి: ఎప్పుడూ చేసే పని, ఇకముందు చేయబోయే పని. మూడో అర్థం కూడా వచ్చేస్తోంది, ఎప్పుడూ అనే మాట. పక్కన తేదీ లేని "నేర్పుతాం" వాగ్దానం కాదండీ, అలవాటు. స్పానిష్‌లో చెప్పినా అంతే. ప్రత్యయం ఎంత పక్కాగా ఉన్నా పని జరిపించేది తేదీయే.

అందుకే నా మాట ఇది. వచ్చే సభలో తీర్మానం రాసేటప్పుడు "నేర్పుతాం" పక్కన మూడు మాటలు చేర్చండి: ఏ రోజు నుంచి, ఎవరింట్లో, ఎవరు. ఆదివారం గంట చాలు. ఒడియా బాగా రావాలి, స్పానిష్ కూడా రానివ్వండి, మంచిదే. పలక మీద తెలుగు అక్షరాలు దిద్దించే మనిషి మాత్రం మన వీధిలోనే ఉండాలి.

వారానికి ఒక గంట ఇవ్వగలిగినవాళ్లు కింద కామెంటులో చెప్పండి. "వస్తాను" అని మాత్రమే రాయకండి, ఏ ఆదివారమో కూడా రాయండి.