కాన్‌స్టంటైన్ ఇవ్వని కానుక

మన బ్లాగులో పోపుగారి సంగతి ఎందుకని కొందరు అడుగుతారు. మన ఇళ్లల్లో పోపు అంటే ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ. అదీ ఇక్కడ కన్నడం కలిసిపోయి ఒగ్గరణె అయిపోయింది. కానీ 2025 మే 8న పద్నాలుగో లియో పోపుగా ఎన్నికైనప్పుడు, ఓటు వేసిన 133 మంది కార్డినళ్లలో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీగారు ఒకరు. కాబట్టి ఆ గద్దె కథ మనకు పూర్తిగా పరాయిది కాదు.

వాటికన్ అంటే 44 హెక్టార్ల జాగా. చెప్పుకోదగ్గ సైన్యం లేదు. అయినా లోకమంతా వాళ్ల మాట వింటుంది. ఇంత అధికారం ఎట్ల వచ్చింది? చాలా కాలం దీనికి ఒక పత్రం చూపించేవాళ్లు. ఆ పత్రం నకిలీ. ఆ అధికారం మాత్రం నకిలీ కాదు. ఈ రెండూ కలిపి చూస్తే, ఇంటి చరిత్ర రాసుకునే మనలాంటి కుటుంబాలకు పనికొచ్చే బుద్ధి ఒకటి ఉందని మా అభిప్రాయం.

ముందు పత్రం సంగతి. దాని పేరు కాన్‌స్టంటైన్ దానపత్రం. రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్‌కు కుష్ఠు వచ్చిందట, పోపు సిల్వెస్టర్ నయం చేశాడట, ఆ కృతజ్ఞతతో రోము నగరం, ఇటలీ, పడమటి దేశాలన్నీ పోపుకు రాసిచ్చి తాను తూర్పుకు వెళ్లిపోయాడట. ఇది 4వ శతాబ్దపు దాఖలాగా చలామణీ అయింది. నిజానికి పుట్టింది 8వ శతాబ్దంలో. 11వ శతాబ్దం నుంచి పోపులు దాన్ని బాహాటంగానే చూపించుకున్నారు.

1440లో లోరెంజో వల్లా అనే లాటిన్ పండితుడు దాన్ని పట్టుకున్నాడు. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నవాళ్లం. ఆయన చేసిన పని మాకు బాగా అర్థమవుతుంది. ఉండాల్సింది ఏమిటి, ఉన్నది ఏమిటి అని మాట మాటా తడిమి చూశాడు. పత్రంలో ‘సాత్రపులు’ అనే అధికారులు వస్తారు. అది పారశీకుల మాట, రోము కొలువులో ఆ పదవే లేదు. కాన్‌స్టాంటినోపుల్ నగరం పేరు ఉంటుంది. పత్రం పుట్టిందని చెప్పే నాటికి ఆ ఊరే కట్టలేదు. లాటిన్ కూడా కాన్‌స్టంటైన్ నాటిది కాదు. నకిలీ చేసినవాడు ముద్ర దొంగిలించగలడేమో గాని, ఒక కాలపు భాషను దొంగిలించలేడు.

వల్లా అప్పుడు పోపుతో తగాదాలో ఉన్న ఆల్ఫోన్సో రాజు కొలువులో ఉన్నాడు. అంటే స్వార్థం లేకపోలేదు. కానీ రిపోర్టు రాసినవాడి మనసులో ఏముంటే ఏం, బగ్గు బగ్గే. ఇంకా విశేషం, 1448లో పోపు ఐదో నికొలస్ అదే వల్లాకు తన కొలువులో లేఖకుడి పని ఇచ్చాడు.

మరి పత్రం పోతే గద్దె కూలాలి కదా? కూలలేదు. ఎందుకంటే అది నిలబడింది పత్రం మీద కాదు, పని మీద.

పడమటి రోము సామ్రాజ్యం పడిపోయాక నగరంలో కరువు, మహమ్మారి, లాంబార్డుల దాడులు. 590లో పోపైన గ్రెగరీ సిసిలీలోని చర్చి భూముల ధాన్యం తెప్పించి పేదలకు పంచాడు, శత్రువులతో సంధి మాట్లాడాడు. చక్రవర్తి మనుషులు చేయాల్సిన పని ఆయన చేశాడు. ఆయన రాసిన ఉత్తరాలు 800కు పైగా ఇప్పటికీ ఉన్నాయి. 756లో ఫ్రాంకుల రాజు పెపిన్ ఇచ్చిన భూములతో పోపు రాజ్యం ఏర్పడింది. అది నిజంగా ఇచ్చిన కానుక.

తర్వాత వచ్చింది నియమించే హక్కు కోసం పోరాటం. 1046లో జర్మన్ చక్రవర్తి మూడో హెన్రీ ఇటలీకి వచ్చి పోపుల తగవు తీర్చి తనకు నచ్చినవాణ్ని గద్దె మీద కూర్చోబెట్టాడు. 1059లో పోపు రెండో నికొలస్ ఎన్నిక కార్డినళ్ల చేతిలో పెట్టాడు. 1077 జనవరిలో ఆ హెన్రీ కొడుకు నాలుగో హెన్రీ, కనోస్సా కోట ముందు మంచులో మూడు రోజులు నిలబడి పోపు ఏడో గ్రెగరీని క్షమాపణ అడగాల్సి వచ్చింది. ఒక్క తరంలో లెక్క తిరగబడింది. అయితే కథ అక్కడ ఆపేస్తే సగం చెప్పినట్టే. అదే హెన్రీ 1084లో రోమును పట్టుకున్నాడు, గ్రెగరీ మరుసటి ఏడు సలెర్నోలో ప్రవాసంలో చనిపోయాడు. ఒక్క రోజు గెలుపు కంటే గట్టిది తర్వాత మెల్లగా వచ్చింది. 1140 ప్రాంతంలో గ్రేషియన్ చర్చి చట్టాలను ఒకచోట కూర్చాడు. పెళ్లి తగవైనా, బిషప్పు పదవి తగవైనా, యూరప్ నలుమూలల నుంచి జనం తమ కాళ్లతో తామే రోముకు అప్పీలుకు వెళ్లేవాళ్లు. తీర్పు అడిగేవాళ్లు పెరిగితే తీర్పు చెప్పేవాడు పెద్దవాడు కాక ఏమవుతాడు?

ఇంకో వింత 1870లో. జూలై 18న వాటికన్ సభ, విశ్వాస, నీతి విషయాల్లో పోపు అధికారికంగా చేసే నిర్ణయం తప్పు కాజాలదని తీర్మానించింది. సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం రోములోకి వచ్చింది, పదకొండు వందల ఏళ్ల పోపు రాజ్యం పోయింది. రాజ్యం పోయాక చర్చిలో ఆయన మాట తగ్గిందా? ఇంకా పెరిగింది. 374లో మిలాన్ జనం కేకలు వేసి ఆంబ్రోస్‌ను బిషప్పుగా ఎంచుకున్నారు. 1917 నాటి చర్చి చట్టం బిషప్పులను పోపే స్వేచ్ఛగా నియమిస్తాడని రాసింది. మన తెలుగు డయోసిస్‌లకు బిషప్పులు వచ్చేది కూడా రోము ఉత్తర్వుతోనే. ఇది మంచికా చెడ్డకా అన్నది వేరే చర్చ. ఊరి జనం చేతిలో ఉన్నది దూరపు కచేరీకి పోయిందన్నది మాత్రం మేము మరిచిపోము.

‘నకిలీ పత్రం వల్ల నష్టమేం జరిగింది మరి?’ అంటారా? జరిగింది. 1520లో లూథర్ వల్లా పుస్తకం అచ్చు ప్రతి చదివాడు, రోము మీద ఆయనకున్న అనుమానం ఇంకా గట్టిపడింది. ఒక అబద్ధపు కాగితం పక్కనున్న నిజమైన పనిని కూడా అనుమానంలో పడేస్తుంది. గ్రెగరీ పంచిన ధాన్యం నిజం. దానికి కాన్‌స్టంటైన్ సంతకం అక్కరే లేదు.

ఇప్పుడు మన ఇంటి మాట. కర్ణాటకలో మన కుటుంబాలు చాలావాటిలో ‘రాయలవారు మనకు భూమి ఇచ్చినారు’ అనే మాట ఉంది. కొన్నిచోట్ల నిజం కావచ్చు. కానీ ఈమధ్య వంశ చరిత్ర పుస్తకాలు అచ్చేసేటప్పుడు ఆ నోటిమాటను దాఖలా చేసేస్తున్నారు, ఏడు కూడా తగిలిస్తున్నారు. ఇది మనకేం కొత్త కాదు. ఇక్కడ దొరికిన గంగరాజుల తామ్రశాసనాల్లో కొన్నిటిని లిపి, తేదీలు చూసి నకిలీవని ఫ్లీట్ దొర ఎప్పుడో తేల్చినాడు.

మేము చెప్పేది ఇంతే. నోటిమాటను నోటిమాటగా రాద్దాం, కాగితాన్ని కాగితంగా రాద్దాం, రెండింటినీ ఒకే వరసలో కలపొద్దు. కన్నడ బళ్లో చదువుకుని ఇంట్లో తెలుగు నిలబెట్టుకున్న మాలాంటివాళ్లకు, అవ్వ వాడిన ఒక్క పాత మాట కూడా సాక్ష్యమే. మనవాళ్లు ఇక్కడ బావులు తవ్వినారు, అంగళ్లు పెట్టినారు, పొరుగువాళ్లతో కలిసి బతికినారు. ఈ నేల మీద మన హక్కుకు అది చాలు. రాయలవారి సంతకం దొరికితే సంతోషం. దొరక్కపోతే మనం చేసి పెట్టవద్దు.